వీవీప్యాట్ స్లిప్పులన్నీ లెక్కపెట్టాలా, ఐదు బూత్‌లు చాలా?

బెంజిసర్కిల్

2019లో విజయవాడ సెంట్రల్ అసెంబ్లీ సీటు 25 ఓట్ల తేడాతో తేలింది. ఇంత సన్నటి తేడా వచ్చిన చోట కూడా తప్పనిసరిగా సరిచూసేది ఐదు బూత్‌ల వీవీప్యాట్ స్లిప్పులే, అంటే ఓటు ఏ గుర్తుకు పడిందో ఈవీఎం పక్కనుండే ప్రింటరు ముద్రించే కాగితాలే. అంతకుముందు ఒక్క బూతే ఉండేది. సగం బూత్‌లు లెక్కపెట్టాలని చంద్రబాబు నాయుడు సహా 21 మంది ప్రతిపక్ష నేతలు సుప్రీంకోర్టుకు వెళ్తే, 2019 ఏప్రిల్ 8న కోర్టు ఆ ఒకటిని ఐదు చేసింది. మొత్తం లెక్కపెట్టాలన్న పిటిషన్లను 2024 ఏప్రిల్ 26న కొట్టేసింది.

నాకు ఈ తీర్పు మింగుడు పడటం లేదు. ప్రతి ఓటుకీ ఒక కాగితం ముద్రిస్తున్నాం, సీలు వేసి స్ట్రాంగ్ రూమ్‌లో దాస్తున్నాం, పోలీసు కాపలా పెడుతున్నాం. ఆ కాగితాలు లెక్కపెట్టకపోతే ముద్రించడం దేనికి? ఫలితం రెండు రోజులు ఆలస్యమైతే కొంపేం మునగదు. వంద శాతం లెక్కపెట్టాల్సిందే. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

కౌంటింగ్‌హాలు

ముందు ఆ ఐదు ఎలా లెక్కపెడతారో చెప్తాను. అది తెలియకుండా "రెండు రోజులే కదా" అనడం తేలిక.

ఉదయం 8 గంటలకు పోస్టల్ బ్యాలెట్లు, 8:30కి ఈవీఎంలు. హాల్లో మామూలుగా 14 టేబుళ్లు. 300 బూత్‌లుంటే 22 రౌండ్లు. చివరి రౌండు అయ్యాక బూత్ నంబర్లు రాసిన తెల్ల కార్డులు, పోస్టుకార్డు సైజువి, నాలుగు మడతలు పెట్టి డబ్బాలో వేసి, కలిపి, ఏజెంట్ల ఎదురుగా ఐదు తీస్తారు. బ్యాంకు క్యాషియర్ క్యాబిన్‌లా వైర్‌మెష్ కట్టిన గూడు ఒకటి ఉంటుంది, దాన్నే వీవీప్యాట్ కౌంటింగ్ బూత్ అంటారు. అందులో ఒకదాని తర్వాత ఒకటి లెక్కపెడతారు. స్లిప్పులు పడే పెట్టె, అంటే డ్రాప్ బాక్స్, తెరిచి వాటిని బయటికి తీయడం, అభ్యర్థివారీగా అరల్లో వేయడం, పాతికేసి కట్టలు కట్టడం, ఏజెంట్లకు చూపించడం. ఒక్కో యంత్రానికి గంట పడుతుందని ఎన్నికల సంఘం కోర్టుకు చెప్పింది.

స్లిప్పు 99 మిల్లీమీటర్ల పొడవు, 56 వెడల్పు. రోల్ నుంచి తెగి పడిన థర్మల్ పేపరు కాబట్టి చుట్టుకుపోతుంది, ఒకదానికొకటి అంటుకుంటుంది. పాత బ్యాలెట్ పేపరు లెక్కపెట్టినట్టు చకచకా సాగదు. పైగా మన రాష్ట్రంలో అసెంబ్లీకీ, లోక్‌సభకీ కలిపి ఎన్నిక. ఒక్కో బూత్‌లో రెండు సెట్లు. అంటే అసెంబ్లీ సెగ్మెంటుకు ఇప్పుడే పది యంత్రాలు లెక్కపెడుతున్నాం, 175 సెగ్మెంట్లకు 1,750. మొత్తం లెక్కపెట్టాలంటే 300 బూత్‌ల సెగ్మెంటులో 600.

బెంజిసర్కిల్

గూడు ఒక్కటే ఎందుకండీ? 14 టేబుళ్లు ఖాళీగానే ఉంటాయిగా అప్పటికి.

కౌంటింగ్‌హాలు

14 టేబుళ్లూ వాడారనే అనుకుందాం. 300 యంత్రాలకు 22 గంటలు, రెండు ఎన్నికలకు 44. మూడు షిఫ్టుల సిబ్బంది కావాలి, ప్రతి టేబుల్‌కీ సూపర్‌వైజరు, అసిస్టెంటు, మైక్రో అబ్జర్వరు. అభ్యర్థులు కూడా అన్ని షిఫ్టులకూ ఏజెంట్లను పెట్టుకోవాలి. చివరి రౌండ్లకే ఓడే పార్టీ ఏజెంట్లు సగం మంది లేచిపోతారన్నది హాల్లో ఉన్న ఎవరినడిగినా చెప్తారు. ఇక రెండో అర్ధరాత్రి దాకా ఎవరు కూర్చుంటారు? చూసేవాడు లేని చోట చేత్తో లెక్క పెట్టడం యంత్రం కంటే ప్రమాదం.

బ్రాడీపేటవకీలు

చట్టం ఏముందో చెప్తాను, వాదన తర్వాత.

1961 నాటి కండక్ట్ ఆఫ్ ఎలక్షన్స్ రూల్స్‌ను 2013 ఆగస్టులో సవరించి వీవీప్యాట్ తెచ్చారు. ఆ సెప్టెంబరులోనే నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉప ఎన్నికలో మొదటిసారి వాడారు. రూల్ 56డీ అసలు కీలకం. స్లిప్పుల లెక్కకూ కంట్రోల్ యూనిట్ (ఈవీఎంలో ఓట్లు నమోదయ్యే భాగం) లెక్కకూ తేడా వస్తే స్లిప్పుల లెక్కే చెల్లుతుంది. అంటే చట్టం దృష్టిలో కాగితమే పెద్ద. బెంజిసర్కిల్ గారి కోపానికి అంతవరకు ఆధారముంది.

2024 తీర్పులో జస్టిస్ సంజీవ్ ఖన్నా, జస్టిస్ దీపాంకర్ దత్తా మొత్తం లెక్కింపు వద్దన్నా ఊరికే వదిలేయలేదు. గుర్తులు లోడ్ చేసే యూనిట్లను సీలు చేసి ఫలితం తర్వాత 45 రోజులు స్ట్రాంగ్ రూమ్‌లో ఉంచమన్నారు. ఎన్నికల పిటిషన్‌కు గడువు కూడా అదే 45 రోజులు. రెండు, మూడు స్థానాల్లో ఉన్న అభ్యర్థులు ఏడు రోజుల్లో రాతపూర్వకంగా అడిగితే ప్రతి అసెంబ్లీ సెగ్మెంటులో 5 శాతం ఈవీఎంల మైక్రోకంట్రోలర్‌ను (లోపలి చిప్‌ను) ఇంజినీర్లు పరీక్షించాలి. ఖర్చు అడిగినవాళ్లది, ట్యాంపరింగ్ తేలితే వాపసు. 2024లో సెట్టుకు జీఎస్టీతో కలిపి 47,200 రూపాయలు కట్టించుకున్నారు. తీరా పరీక్ష అంటే మాక్ పోల్ (నమూనా పోలింగ్) పెట్టి చూపిస్తామన్నారని ఒంగోలులో ఓడిన అభ్యర్థి బాలినేని శ్రీనివాసరెడ్డి హైకోర్టుకెళ్లారు. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా పరీక్ష చేసేటప్పుడు డేటా చెరపొద్దు, మళ్లీ లోడ్ చేయొద్దు అని సంఘానికి చెప్పాల్సి వచ్చింది. పోలింగ్ రోజు నాటి డేటా పోయాక మాక్ పోల్ ఎంత బాగా జరిగినా ఓడినవాడి అనుమానానికి అది జవాబు కాదు.

తెనాలిలెక్కలు

ఐదా, వందశాతమా అని కొట్టుకోవడమే తప్పు దారి అంటాను. ఎన్ని అన్నది మెజారిటీని బట్టి ఉండాలి.

ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ నిపుణుల కమిటీ 2019లో దేశం మొత్తానికి 479 యంత్రాలు చాలని చెప్పింది. దేశంలోని పదిలక్షల పైచిలుకు యంత్రాలను ఒకే రాశిగా తీసుకుంటే ఆ లెక్క సరే. సంఘం 20 వేలకు పైగా చూస్తోంది కాబట్టి ఇంకా మేలు. కానీ గెలుపోటములు దేశం మొత్తానికి ఒకేసారి తేలవు, నియోజకవర్గానికి తేలతాయి. తెనాలి ఫలితంపై అనుమానమున్నవాడికి కాన్పూర్‌లో స్లిప్పులు సరిపోయాయంటే ఏం లాభం?

300 బూత్‌ల సెగ్మెంటు తీసుకోండి. 3 బూత్‌లలో యంత్రం తప్పు చూపిస్తోందనుకుందాం. లాటరీలో తీసిన ఐదింటిలో ఆ మూడింట్లో ఒక్కటీ రాకుండా పోయే అవకాశం 95 శాతం. 30 బూత్‌లు తప్పైనా 59 శాతం సార్లు దొరకదు.

ఇప్పుడు మెజారిటీ కలపండి. ఒక బూత్‌లో మహా అయితే 200 ఓట్లు ఒకరి నుంచి ఇంకొకరికి మారాయనుకుంటే తేడా 400 మారుతుంది. 40,000 మెజారిటీ తారుమారు కావాలంటే కనీసం 100 బూత్‌లు తప్పై ఉండాలి. వాటిలో ఒక్కటైనా 99 శాతం నమ్మకంగా దొరకాలంటే 12 బూత్‌లు తీస్తే చాలు. 12,000 మెజారిటీ అయితే 30 తప్పు బూత్‌లు, తీయాల్సినవి 41. 14 టేబుళ్ల మీద 41 యంత్రాలంటే మూడు గంటల పని. 25 ఓట్ల మెజారిటీని ఒక్క బూత్ తిప్పేయగలదు, అక్కడ మొత్తం లెక్కపెట్టాలి. అలాంటి సీట్లు ఎన్నికకు ఎన్ని వస్తాయి? చేతివేళ్ల మీద లెక్క. 2024లో మడకశిర 351 ఓట్లతో తేలింది.

పటమట

ఇంత లెక్క ఎందుకు మాస్టారూ. స్లిప్పు ఓటరు చేతికే ఇచ్చి, చూసుకుని పెట్టెలో వేయమంటే సరిపోతుంది. ఏడు సెకన్లు అద్దంలో కనపడి మాయమైపోతుంటే మా ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తు ఆనదు.

బ్రాడీపేటవకీలు

అది కూడా ఆ కేసులోనే అడిగారు, కోర్టు ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోను. చేతికిచ్చిన స్లిప్పు పెట్టెలో వేయకుండా జేబులో పెట్టుకుని బయటికొస్తే ఏమవుతుంది? ఓటుకు డబ్బు పంచినవాడు ఇప్పుడు "వేశావని ఏంటి నమ్మకం" అని ఊరుకోక తప్పడం లేదు. రేపు స్లిప్పు చూపించమంటాడు. బెదిరించేవాడికీ అంతే. బూత్‌లో రహస్యం మన ప్రాంతంలో పేదవాడికి మిగిలిన ఒకే ఒక్క రక్షణ.

అద్దంలో తప్పు గుర్తు కనపడితే మాత్రం అక్కడికక్కడే ప్రిసైడింగ్ అధికారికి చెప్పాలి. రూల్ 49ఎంఏ కింద డిక్లరేషన్ రాయించుకుని, ఏజెంట్ల ముందు టెస్ట్ ఓటు వేయిస్తారు. నిజమని తేలితే ఆ యంత్రంపై పోలింగ్ ఆపేస్తారు. అబద్ధమని తేలితే తప్పుడు సమాచారం కింద కేసు. కేసు భయంతోనే చాలామంది నోరెత్తరు, ఆ మాటలో నిజముంది.

కౌంటింగ్‌హాలు

తెనాలిలెక్కలు గారి పద్ధతి బాగుంది, కానీ ఒక చిక్కు. ఎక్కువ యంత్రాలు తెరిచే కొద్దీ మోసం లేని తేడాలు కూడా బయటపడతాయి.

2024 కేసులో సంఘం ఇచ్చిన లెక్క ప్రకారం, 41,629 వీవీప్యాట్‌లు, నాలుగు కోట్ల పైగా స్లిప్పులు లెక్కపెడితే తేడా వచ్చింది ఒక్క చోట. అది కడప జిల్లా మైదుకూరులో, 2019లో. కారణం మాక్ పోల్ డేటా చెరపకపోవడం.

ఇది ఎలా జరుగుతుందంటే, పోలింగ్‌కు గంటన్నర ముందు, అంటే మన దగ్గర తెల్లవారుజామున 5:30కి, కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ వేస్తారు. అయ్యాక కంట్రోల్ యూనిట్‌పై క్లోజ్, రిజల్ట్, క్లియర్ వరుసగా నొక్కాలి. డ్రాప్ బాక్స్‌లో పడ్డ స్లిప్పులు తీసి, వెనక 'మాక్ పోల్' ముద్ర వేసి, దళసరి నల్ల కవరులో పెట్టి సీలు వేయాలి. ఏడింటికి పోలింగ్ మొదలవ్వాలి, బయట లైను కట్టి ఉంటారు. ఆ హడావుడిలో క్లియర్ మర్చిపోతే యంత్రంలో 50 ఎక్కువ. స్లిప్పులు తీయడం మర్చిపోతే పెట్టెలో 50 ఎక్కువ.

ఇంకొకటి, పోలింగ్ మధ్యలో వీవీప్యాట్ మొరాయిస్తే దాన్నొక్కదాన్నే మారుస్తారు. యంత్రం వెనక నాబ్ రవాణాలో అడ్డంగా ఉంటుంది, దాన్ని నిలువుగా తిప్పకుండా ఆన్ చేసినా ఎర్రర్ వస్తుంది. కిటికీ పక్కన, బల్బు కింద పెట్టినా లోపలి సెన్సార్లు తప్పు చూపిస్తాయి. మార్చిన బూత్‌కు రెండు డ్రాప్ బాక్సులుంటాయి. లెక్కింపులో ఒకటే తెరిస్తే అక్కడ "గోల్‌మాల్" అని మైకు పట్టుకుంటారు. 300 యంత్రాలు తెరిచిన చోట ఇలాంటివి నాలుగైదు తప్పవు.

తెనాలిలెక్కలు

అవి దాచాల్సినవి కావు కదా. 50 తేడా వస్తే అది మాక్ పోలని, బూత్‌లో పోలైన ఓట్లు రాసే ఫారం 17సీ పక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది. మొత్తం ఓట్లెన్నో అందులో ఉంటుంది. తేడాకు కారణం దొరికితే రాసి చూపించండి, దొరక్కపోతే అప్పుడే కదా అసలు భయపడాల్సింది.

నా దృష్టిలో పెద్ద లోపం ఇంకొకటుంది. ఐదింటిలో ఒకదాంట్లో కారణం తెలియని తేడా వచ్చిందనుకోండి. ఇప్పుడున్న పద్ధతిలో మళ్లీ మళ్లీ లెక్కపెట్టి, ఆ ఒక్క బూత్‌కు స్లిప్పుల లెక్క రాసేసి ముందుకెళ్తారు. మిగతా 295 బూత్‌ల సంగతి ఎవరూ అడగరు. శాంపిల్‌లో తప్పు దొరికితే రాశి మొత్తం చూడాలన్నది ఏ పరీక్షలోనైనా మొదటి సూత్రం. ఈ ఒక్కటి నిబంధనలో పెడితే ఐదైనా నేను సగం ఒప్పుకుంటాను.

బెంజిసర్కిల్

ఇది బావుంది. వంద శాతం అన్న పట్టు వదలను, కానీ మెజారిటీని బట్టి శాంపిల్, తేడా వస్తే మొత్తం అన్నది రేపే అమలు చేయొచ్చు. స్లిప్పు మీద బార్‌కోడ్ వేసి మెషీన్‌తో లెక్కపెట్టే సంగతి కూడా చూడమని ఆ తీర్పులోనే సూచించారు కదా, అది కూడా కలిస్తే టైము గొడవ పోతుంది. యంత్రం మీద అనుమానానికి ఇంకో యంత్రమా అంటారేమో, కావాలంటే ఆ కట్టలు తీసి చేత్తో చూసుకోవచ్చుగా.

ఒక్కటి చెప్పండి వకీలు గారూ. నిబంధన మారేలోపు, తక్కువ తేడాతో ఓడిన అభ్యర్థి మిగతా బూత్‌ల స్లిప్పులు లెక్కపెట్టమని అడగొచ్చా?

బ్రాడీపేటవకీలు

అడగొచ్చు, రూల్ 56డీ అందుకే. ఐదు బూత్‌ల లాటరీతో దానికి సంబంధం లేదు. ఫలితాల పట్టిక అయిన ఫారం 20లో లెక్కలు ఎక్కించి రిటర్నింగ్ అధికారి చదివి వినిపించాక, అభ్యర్థి గానీ, ఆయన లేకపోతే ఎలక్షన్ ఏజెంటు గానీ, కౌంటింగ్ ఏజెంటు గానీ ఫలానా బూత్‌ల స్లిప్పులు లెక్కపెట్టమని రాతపూర్వకంగా ఇవ్వాలి. నోటితో అరిస్తే లెక్కలోకి రాదు. ఫలితం ప్రకటించేశాక ఇచ్చే కాగితానికి విలువ లేదు. మధ్యలో దొరికేది కొద్ది నిమిషాలే కాబట్టి దరఖాస్తు ముందే టైపు చేయించి, బూత్ నంబర్లు మాత్రం అప్పుడు నింపుకోవాలి.

కారణం బలంగా ఉండాలి. "అనుమానంగా ఉంది" అని రాస్తే అర్థంపర్థం లేని దరఖాస్తని తిరస్కరించే అధికారం ఆయనకుంది. పోలింగ్ ముగిశాక ప్రతి బూత్‌లో ఏజెంటుకు 17సీ కాపీ ఇస్తారు. అన్ని బూత్‌లవీ తెచ్చి ఫైలు చేసుకున్నవాడు మొత్తం ఓట్లలో తేడా ఉన్న బూత్‌లు, వీవీప్యాట్ మార్చిన బూత్‌లు, మాక్ పోల్ గొడవైన బూత్‌లు పేరుపెట్టి అడగగలడు. ఒప్పుకున్నా కాదన్నా అధికారి కారణాలతో రాసివ్వాలి. కాదంటే ఆ కాగితం తీసుకునే బయటికి రండి. 45 రోజుల్లో హైకోర్టులో వేసే పిటిషన్‌కు మొదటి డాక్యుమెంటు అదే.

కౌంటింగ్‌హాలు

17సీ కాపీ మీద ప్రిసైడింగ్ అధికారి సంతకం ఉందో లేదో బూత్‌లోనే చూసుకోమనండి ఏజెంట్లను. సంతకం లేని కాపీ తెచ్చి వాదిస్తే హాల్లో ఎవరూ పట్టించుకోరు.