ఈ వారం సమస్య: "ప్రేమ వీడె నేడు ప్రేమమూర్తి"

సంచాలకుడు: బాబీ బ్రాడక్, కర్లీ పుట్‌మన్ రాయగా 1980లో అమెరికన్ కంట్రీ గాయకుడు జార్జ్ జోన్స్ పాడిన "హీ స్టాప్డ్ లవింగ్ హర్ టుడే" రాత్రి మళ్లీ విన్నాను. ప్రాణంగా ప్రేమించినవాడు ఇవాళ ప్రేమించడం మానేశాడట. ఎందుకో పల్లవి దాకా తెలియదు. ఆ కంట్రీ పాటల ఊరు నాష్‌విల్ వాళ్లూ సమస్యలు పూరిస్తారనిపించింది. కానివ్వండి.

ఓరుగల్లు కలం:
చచ్చుదాఁక వలతు సఖియ నే నని చెప్పి
గోడ పటముఁ జూచి గుండె చెదరి
పాడె నెక్కి నవ్వె బ్రతుకంత మోసిన
ప్రేమ వీడె నేడు ప్రేమమూర్తి

గోదారి గాలి: కథ మొత్తం పాటలోదే, గోడమీది పటమూ, చివరి నవ్వూ సహా. కానీ "మోసిన" మాత్రం మీ సొత్తు! బతుకంతా ప్రేమను మోసినవాణ్ని ఇవాళ నలుగురు మోస్తున్నారు. ఆ ఒక్క మాటకే దండం. నాది వేరే దారి:

మందు మాని వచ్చె మన ముందు నిలుచుండెఁ
జేత గిటరు దాల్చి చెంత చేరి
నమ్ము వీని మాట నా మాట విను మింక
ప్రేమ! వీడె నేడు ప్రేమమూర్తి

డాలస్ దాసు: అబ్బ! ప్రేమ అమ్మాయి పేరు, "వీడె" అంటే వీడే! ఒక్క అక్షరం కదలకుండా ఏడుపు పాట పెళ్లిచూపులైంది.

ఓరుగల్లు కలం: విరుపు అద్భుతం, ఒప్పుకుంటున్నాను. కానీ "గిటరు" ఏమిటండీ? గిటారు దీర్ఘం ఎందుకు మింగారు? "చే గిటారు దాల్చి" అంటే సరిపోయేది. గని పాటను మీరు తెలుగులోకి తెచ్చినప్పుడూ ఇదే తొందర. జెర్రీ రీడ్ 1982లో పాడిన దానిలో విడాకుల్లో ఆమెకు బంగారు గని, ఇతనికి "షాఫ్ట్". అది గనిలోకి దిగే బావి, వాడుకలో మోసపోవడం కూడా. మీరు "గొయ్యి" అన్నారు. గొయ్యిలో బావి ఉంది, మోసపోయినవాడు లేడు.

గోదారి గాలి: "చే గిటారు" తీసుకున్నాను, మార్చేస్తాను. గొయ్యి మాత్రం వదలను. ఒకరు తవ్వితేనే కదా ఇంకొకరు పడేది?

ఓరుగల్లు కలం: ఆమెకు గని, నాకు నోట్లో మట్టి. తవ్విన మట్టీ అదే, అన్యాయమూ అదే.

గోదారి గాలి: ...ఇది బాగుంది. పద్యం కట్టి పెట్టండి, యతి నేను చూస్తాను.