టమాటా డచ్ బకెట్లలో మట్టి గుళికలు, పెర్‌లైట్ ఏ పాళ్లలో వేయాలి?

హైదరాబాదులో మేడ మీద, షేడ్‌నెట్ కింద, 11 లీటర్ల డచ్ బకెట్లలో (మట్టి లేకుండా పోషక ద్రావణంతో మొక్కలు పెంచే, డ్రెయిన్ గొట్టం ఉన్న బకెట్లు) టమాటా పెంచుతున్నాను. మట్టికి బదులు వేళ్లు నిలిచే మాధ్యమం క్లే బాల్స్ పేరుతో అమ్మే 8–16 మిల్లీమీటర్ల కాల్చిన మట్టి గుళికలు. ఆర్‌వో నీటితో కలిపిన పోషక ద్రావణాన్ని పీహెచ్ 5.8కి, ఈసీ (ద్రావణంలోని లవణాల గాఢతకు కొలత) 2.2కి సరిచేసి, పగలు గంటకొకసారి పది నిమిషాల చొప్పున డ్రిప్ ద్వారా ఇస్తున్నాను. బయటికి కారిన నీటిని తిరిగి ట్యాంకులోకి పంపడం లేదు. ట్యాంకులో పీహెచ్ నిలకడగానే ఉన్నా, సాయంత్రానికి బకెట్ల నుంచి కారే నీటిలో అది 7.2 దాకా చేరుతోంది. కొత్త ఆకుల్లో ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్యభాగం పసుపుబారుతోంది, మధ్యాహ్నం రెండు దాటాక మొక్కలు వాలిపోతున్నాయి. కాబట్టి కారణం గుళికలేనని నా అభిప్రాయం.

గుళికలను శుభ్రంగా కడిగి, రాత్రంతా 5.5 పీహెచ్ నీటిలో నానబెట్టి చూశాను. ఇనుము అందడం లేదేమోనని దాన్ని ఈడీటీఏ రూపం నుంచి, పీహెచ్ కొంత పెరిగినా మొక్కకు అందే డీటీపీఏ రూపానికి మార్చినప్పుడు పసుపు కొంత తగ్గింది గాని పీహెచ్ తగ్గలేదు. రెండు బకెట్లలో ముతక పెర్‌లైట్ (వేడికి ఉబ్బిన తేలికైన అగ్నిపర్వత గాజు రేణువులు) నింపితే పీహెచ్ 6.2 దాటలేదు, మొక్కలూ వాలలేదు. అయితే దాని పొడి డ్రెయిన్ గొట్టంలో పేరుకోవడంతో నీరు అడుగున నిలిచి వేళ్ల కొనలు గోధుమరంగుకు మారాయి. రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన పీచు) వాడాక మట్టిలో కలిసిపోదు, దాన్ని పారవేసే దారి నాకు లేదు కనుక ఆ ఆలోచన మానుకున్నాను.

అడుగున గుళికలు, పైన పెర్‌లైట్ వేసి ఇలాంటి బకెట్లలో టమాటాను పంటకాలమంతా పండించినవారు దయచేసి చెప్పగలరా: డ్రెయిన్ పూడకుండా, పీహెచ్ పెరగకుండా ఉండాలంటే గుళికల పొర ఎన్ని అంగుళాలు ఉండాలి?