ఐస్ క్యూబ్ నటుడా, లేక ఒకే ముఖంతో ముప్పై ఏళ్లు నెట్టుకొచ్చాడా?

నాలుగోట్రాక్:
సూటిగా అడుగుతున్నా. 1991లో 'బాయ్జ్ ఎన్ ది హుడ్'లో డోబాయ్ పాత్ర నుంచి 2025 'వార్ ఆఫ్ ది వరల్డ్స్' దాకా ఐస్ క్యూబ్ ముఖంలో ఏం మారింది? అవే ముడిపడిన కనుబొమలు, అదే గుర్రు చూపు. ర్యాపర్‌గా అతని స్థాయి మీద నాకు పేచీ లేదు. సినిమాల్లో మాత్రం అతను నటించలేదు, తన పాత ర్యాప్ బృందం ఎన్.డబ్ల్యూ.ఏ. రోజుల ఇమేజీని అద్దెకిచ్చుకున్నాడంతే. కాదనేవాళ్లు ఫలానా సీను అని చూపించి కాదనండి. "లెజెండ్ బ్రో" లాంటి జవాబులు వద్దు.

కట్‌పాయింట్:
సీనే చెప్తా. 'బాయ్జ్'లో చివరి ఉదయం. సోదరుణ్ణి చంపినవాళ్ల మీద పగ తీర్చుకున్న మర్నాడు డోబాయ్ వీధి దాటి స్నేహితుడు ట్రే దగ్గరికొస్తాడు. టీవీలో ఎక్కడెక్కడి హింసో చూపించారుగానీ తన సోదరుడి గురించి ఒక్క ముక్క లేదంటాడు, గొంతు పెంచకుండా. చేతిలో మిగిలిన మందు నేల మీద ఒంపేసి వెనక్కి నడుస్తాడు, నడుస్తూనే ఫ్రేములోంచి మాయమవుతాడు. రెండు వారాలకు అతన్నీ చంపేశారని తెర మీద అక్షరాలు పడతాయి. మీరంటున్న గుర్రు ఆ సీనులో ఎక్కడుంది గురూ? అప్పటికి అతనికి పెద్ద నటనానుభవమేమీ లేదు. మొదటి ఆడిషన్ పాడుచేస్తే, స్క్రిప్టు మొత్తం చదువుకుని మళ్లీ రమ్మని డైరెక్టర్ జాన్ సింగిల్‌టన్ పంపేశాడని క్యూబే చెప్పుకున్నాడు.

పదహారుబార్లు:
ర్యాపర్లు తెర మీద ఎక్కడ తేలిపోతారో చూస్తే ఈ వాదన తేలిక. 90 బీపీఎం (నిమిషానికి 90 బీట్లు) పాటలో 16 బార్లంటే, బారుకు నాలుగు చొప్పున 64 బీట్లు, అంటే 43 సెకన్ల లోపు. అంతసేపూ ఊపిరి ఎక్కడ తీయాలో, ఏ అక్షరం మీద ఒత్తాలో వాళ్లకు కొట్టిన పిండి. అయితే ఆ బీటు వాళ్ల చెవిలోనే ఉంటుంది, తప్పు పోతే ఆ లైను దగ్గరే పంచ్-ఇన్ చేసి, అంటే ఆ ముక్క ఒక్కటే రికార్డు చేసి, మళ్లీ చెప్పొచ్చు. షూటింగులో బీటుండదు. ఎదుటివాడు డైలాగు ఏ స్పీడులో వదులుతాడో తెలీదు. దూరం నుంచి తీసే వైడ్ షాట్‌లో ఏ మాట దగ్గర సీసా ఎత్తాడో క్లోజప్పులోనూ సరిగ్గా ఆ మాట దగ్గరే ఎత్తాలి, లేకపోతే ఎడిటింగులో రెండు షాట్లు అతకవు. మ్యూజిక్ వీడియోలో నేరుగా లెన్సులోకి చూడ్డం అలవాటు, సినిమాలో అదే పెద్ద తప్పు.

ఇంకో జబ్బు, తన వంతు కోసం కాచుక్కూర్చోవడం. ర్యాపర్‌గా మొదలైన విల్ స్మిత్ టీవీ సీరియల్ 'ఫ్రెష్ ప్రిన్స్' తొలి ఎపిసోడ్లు గమనించండి. అందరి డైలాగులూ కంఠతా పట్టాడు కాబట్టి అవతలివాళ్లు మాట్లాడుతుంటే ఇతని పెదాలూ కదులుతుంటాయి! తర్వాత అదే మనిషి 'అలీ'తో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లాడు, అది వేరే సంగతి. క్యూబ్‌కు ఈ జబ్బు లేదు. ఎదుటివాడు మాట్లాడుతుంటే ఊరికే వింటాడు. సెట్లో అంతకంటే కష్టమైన పని లేదు.

నాలుగోట్రాక్:
వినడం సరే, రేంజ్ మాటేమిటి? ర్యాపర్ టుపాక్ 'జ్యూస్'లో (1992) బిషప్‌గా ఒకే సినిమాలో స్నేహితుడి నుంచి ఉన్మాది దాకా పోయాడు. అతను బాల్టిమోర్ స్కూల్ ఫర్ ది ఆర్ట్స్‌లో నటన నేర్చుకున్నవాడు. ఇంకో ర్యాపర్ క్వీన్ లతీఫా 'చికాగో'తో ఆస్కార్ నామినేషన్ తెచ్చుకుంది. వీళ్ల పక్కన క్యూబ్‌ను నిలబెట్టగలరా?

లెక్కలపుస్తకం:
టుపాక్ పక్కన నిలబెట్టను. ఆ పోలికే తప్పు. క్యూబ్ పట్టు నటనలో కంటే ఏది రాసుకోవాలి, ఏది తన చేతిలో పెట్టుకోవాలి అన్నదాంట్లో ఉంది. పాటల రాతలో పెద్ద భాగం తనదైనా డబ్బు దానికి తగ్గట్టు రాలేదని 1989 చివర్లో ఎన్.డబ్ల్యూ.ఏ. నుంచి బయటికొచ్చాడు. ఆ పాఠం సినిమాల్లో వాడుకున్నాడు.

'ఫ్రైడే' (1995) తీసుకోండి. ర్యాప్ నిర్మాత డీజే పూతో కలిసి రాశాడు. డైరెక్టర్ ఎఫ్. గ్యారీ గ్రే అప్పటికి మ్యూజిక్ వీడియోలు తీసేవాడు, క్యూబ్ పాట 'ఇట్ వాజ్ ఎ గుడ్ డే' వీడియో అతనిదే. ఖర్చు సుమారు 35 లక్షల డాలర్లు, షూటింగ్ 20 రోజులు, కథంతా దాదాపు ఒకే వీధిలో, ఒకే రోజులో. లొకేషన్ మారదు, బట్టలు మారవు, యూనిట్ లారీలు అటూ ఇటూ తిరగక్కర్లేదు. తక్కువ డబ్బులో ముగించాలంటే కథే అలా ఉండాలి. 2 కోట్ల 70 లక్షలకు పైగా వసూలైంది. మరో రెండు భాగాలు కూడా వచ్చాయి.

అసలు తెలివి పాత్రల పంపకంలో ఉంది. గోల చేసే స్మోకీ పాత్ర క్రిస్ టక్కర్‌కు ఇచ్చి, వరండాలో కూర్చుని చూసే క్రెయిగ్‌ను తను తీసుకున్నాడు. తనకు రానిదేదో తెలిసినవాడు రాసుకున్న పాత్ర అది. 2002 'బార్బర్‌షాప్'లోనూ ఇంతే, నవ్వులన్నీ సెడ్రిక్ ది ఎంటర్‌టైనర్‌కు, బరువు క్యూబ్‌కు. గుర్రు పక్కన ఒక వాగుడుకాయ ఉంటేనే పేలుతుంది.

కట్‌పాయింట్:
'త్రీ కింగ్స్' (1999) కూడా చూడండి. డెట్రాయిట్ ఎయిర్‌పోర్టులో సామాన్లు మోసే ఉద్యోగి, దైవభక్తి ఉన్న రిజర్వ్ సైనికుడు. నెమ్మదస్తుడు. అది క్యూబ్ రాసుకున్నది కాదు, డేవిడ్ ఓ. రసెల్ చేయించుకున్నది.

పాతక్యాసెట్:
సినిమాల కోసం అతని పాట చెల్లించిన మూల్యం ఎంతో కూడా లెక్క కట్టండి. 1990 నుంచి 1993 వరకు ఏడాదికొక సోలో ఆల్బమ్, వాటిలో 'ది ప్రిడేటర్' అమెరికా ఆల్బమ్‌ల చార్టు బిల్‌బోర్డ్ 200లో నేరుగా నంబర్ వన్‌గా దిగింది. తర్వాత సోలో ఆల్బమ్ 1998లో! మధ్యలో వెస్ట్‌సైడ్ కనెక్షన్ అనే ర్యాప్ బృందం ఉంది, కాదనను. కానీ 1991 ఆల్బమ్ 'డెత్ సర్టిఫికెట్'లో ఉన్న కోపం మళ్లీ రాలేదు. 2005లో 'ఆర్ వుయ్ దేర్ యెట్?'లో పిల్లల చేతిలో తిప్పలు పడే మనిషి 2006 ఆల్బమ్‌లో మైకు ముందు పళ్లు కొరికితే ఎవరు నమ్ముతారు?

లెక్కలపుస్తకం:
ఆ 2006 ఆల్బమ్ సొంత లేబుల్ మీద వచ్చింది సార్. సినిమా డబ్బు లేకపోతే ఆ స్వేచ్ఛ ఎక్కడిది? పైగా 2015లో ఎన్.డబ్ల్యూ.ఏ. కథను సినిమా తీసినప్పుడు నిర్మాతల్లో తనూ ఒకడు, తన పాత్రలో సొంత కొడుకు. ప్రపంచవ్యాప్తంగా 20 కోట్ల డాలర్లు దాటింది. రాయల్టీ గొడవతో బయటికెళ్లినవాడు ఆ కథలోనే వాటాదారుగా తిరిగొచ్చాడు.

నాలుగోట్రాక్:
'త్రీ కింగ్స్' ఒప్పుకుంటున్నా, 'ఫ్రైడే' వరండా సంగతీ ఒప్పుకుంటున్నా. అయితే 'వార్ ఆఫ్ ది వరల్డ్స్'ను ఎవరూ ముట్టుకోలేదేం? సినిమా అంతా కంప్యూటర్ తెర ముందు ఒక్కడే కూర్చుంటాడు.

పదహారుబార్లు:
ముట్టుకుంటా. కొవిడ్ రోజుల్లో తీసిన సినిమా, ఎదురుగా మనిషి లేడు. పైన చెప్పిన వినే గుణం అక్కడ ఎందుకూ పనికిరాదు. శూన్యాన్ని చూస్తూ భయపడాలి, ఏడవాలి, అరవాలి. ఒంటరిగా ముఖంతో లాక్కురావడం అతనికి రాదు, ఆ ఒక్క విషయంలో మీ మాటే నెగ్గింది. 'ఫ్రైడే' క్యూబ్ అయితే ఆ స్క్రిప్టు చేతిలోకి రాగానే ముందు పక్కన ఇంకో కుర్చీ వేయించేవాడు.