ప్రైవేట్ పోటీదారులకు ఫోర్‌వీల్ డ్రైవ్ ర్యాలీ కారు అందాలంటే ఏ నిబంధన మారాలి?

పేస్‌నోట్ (ప్రశ్న):

సొంత డబ్బుతో, ఇద్దరు ముగ్గురు మెకానిక్‌ల సాయంతో ర్యాలీలలో పాల్గొనేవారిలో నేనొకణ్ణి. టూవీల్ డ్రైవ్ తరగతి నుంచి ఫోర్‌వీల్ డ్రైవ్‌కు మారాలని చాలాకాలంగా అనుకుంటున్నాను గానీ, లెక్క వేసిన ప్రతిసారీ ఆ మెట్టు దగ్గరే ఆగిపోవలసి వస్తోంది. 2013లో ఆర్5 అనే ఫోర్‌వీల్ డ్రైవ్ తరగతి కార్లు వచ్చినప్పుడు ధరకు 1,80,000 యూరోల పరిమితి పెట్టారు. అవే ఇప్పుడు ర్యాలీ2గా పిలవబడుతున్నాయి. 2021లో ఫోర్డ్ ఫియస్టాతో దానికి ఒక మెట్టు కింది ఫోర్‌వీల్ డ్రైవ్ తరగతి ర్యాలీ3 మొదలైనప్పుడు, అందులో పరిమితి లక్ష యూరోలకు దిగింది. కాగితం మీద ఇది పెద్ద తగ్గుదలే అయినా, సీజన్ మొత్తానికి అయ్యే ఖర్చు చూస్తే అదే నిష్పత్తిలో తగ్గినట్టు నాకు కనిపించడం లేదు.

అందుకని అనుభవజ్ఞులను అడుగుతున్నాను: కారు ధరకు పరిమితి పెట్టడమే సరైన మార్గమా, షోరూమ్ కార్లకు తిరిగి వెళ్లడం మంచిదా, లేక అందరికీ ఒకే యాంత్రిక కిట్ ఇచ్చి దాన్ని ఏ కారులోనైనా బిగించుకోనివ్వడం మేలా? నాకు కావలసింది ఛాంపియన్‌షిప్ కాదు. సీజన్‌లో ఐదారు ర్యాలీలను అప్పుల పాలు కాకుండా పూర్తి చేయగలిగితే చాలు.

షోరూమ్‌షెల్:

పేస్‌నోట్ గారూ, నా దృష్టిలో మీ ప్రశ్నకు జవాబు ఒకప్పుడు మన చేతిలోనే ఉండేది. షోరూమ్ కార్ల తరగతి అయిన గ్రూప్ ఎన్ నిబంధనల ప్రకారం, తయారీదారు ఏడాదిలో వేల సంఖ్యలో తయారు చేసిన కారునే పోటీకి తేవాల్సి ఉండేది. ఇంజిన్‌లోని ప్రధాన భాగాలు, బాడీ, సస్పెన్షన్ అమరిక మామూలు కారువే ఉండేవి. రోల్ కేజ్ (కారు పల్టీ కొట్టినా లోపలివారిని కాపాడే ఇనుప చట్రం), డాంపర్లు (షాక్ అబ్జార్బర్లు), గేర్‌బాక్స్ లోపలి పళ్లు వంటి కొన్నింటిని మాత్రమే మార్చుకోనిచ్చేవారు. 1987 నుంచి ఈ కార్ల డ్రైవర్లకు ప్రపంచస్థాయిలో విడిగా ఒక టైటిల్ కూడా ఉండేది.

మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్, సుబారు ఇంప్రెజా కార్లు అన్నేళ్లపాటు ప్రైవేట్ పోటీదారులకు ఆధారంగా నిలిచింది అందువల్లనే. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరం), ఫోర్‌వీల్ డ్రైవ్ అభివృద్ధికి అయిన ఖర్చును రోడ్డు మీద నడుపుకోవడానికి కారు కొన్న వేలమంది పంచుకున్నారు. హబ్, రేడియేటర్, డోర్ వంటివి విరిగితే మామూలు విడిభాగాల దుకాణంలో, లేదంటే ప్రమాదంలో పాడైన కార్లను విప్పి అమ్మేచోట దొరికేవి. ఈనాటి ర్యాలీ కార్లలో చాలా భాగాలకు అలాంటి రెండో దారి లేదు. టయోటా 2020లో తెచ్చిన జీఆర్ యారిస్ లాంటి కార్లను జాతీయ పోటీలు ఉదారంగా అనుమతిస్తే ఆ దారి మళ్లీ తెరుచుకుంటుందని నా నమ్మకం.

టార్క్‌కర్వ్:

షోరూమ్‌షెల్ గారు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు గానీ, పరిష్కారంతో పూర్తిగా ఏకీభవించలేను. లాన్సర్ ఎవల్యూషన్ ఉత్పత్తి ఆగిపోయి చాలా ఏళ్లయింది, ఇంప్రెజా వారసత్వంలో వచ్చిన ఎస్‌టీఐ కూడా ఆగిపోయింది. టర్బో, ఫోర్‌వీల్ డ్రైవ్ రెండూ ఉన్న చిన్న కారును తయారీదారులు అరుదుగా మాత్రమే చేస్తున్న కాలంలో, ఒకే ఒక్క మోడల్ మీద తరగతి మొత్తాన్ని నిలబెడితే ఆ మోడల్ ఆగిన రోజున తరగతి కూడా ఆగిపోతుంది.

అసలు ఖర్చు ఎక్కడ పుడుతుందో ముందు చూడాలి. టూవీల్ డ్రైవ్ కారులో టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) ఎక్కువైతే చక్రం జారుతుంది, ఆ జారుడులోనే ఒత్తిడి కొంత వదిలిపోతుంది. నాలుగు చక్రాలూ నేలను పట్టుకున్న కారులో ఆ వెసులుబాటు తక్కువ. జంప్ తర్వాత నేలను తాకినప్పుడు, ఆగిన చోటునుంచి స్టేజి (సమయం లెక్కగట్టే రోడ్డు భాగం) మొదలుపెట్టినప్పుడు వచ్చే దెబ్బనంతా గేర్‌బాక్స్, రెండు డిఫరెన్షియళ్లు (శక్తిని ఎడమ, కుడి చక్రాలకు పంచేవి), ప్రొపెల్లర్ షాఫ్ట్, నాలుగు డ్రైవ్‌షాఫ్ట్‌లు మోయాలి. వీటిలో చాలావాటిని అవి విరిగేదాకా వాడరు. నిర్ణీత స్టేజి కిలోమీటర్లు పూర్తికాగానే విప్పి, పళ్లు, బేరింగులు మార్చి మళ్లీ కడతారు. మీరు చూస్తున్న సీజన్ ఖర్చులో పెద్ద భాగం ఇదే, కారు ధరపై పెట్టిన పరిమితి దీన్ని తాకదు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. టర్బో ముందు బిగించే రిస్ట్రిక్టర్, అంటే గాలి వెళ్లే దారిని ఇరుకు చేసే గొట్టం, శక్తిని ఆపుతుంది గానీ టార్క్‌ను అంతగా ఆపదు. ఆ ఇరుకు గొంతులో గాలి ధ్వని వేగాన్ని మించి పోలేదు కాబట్టి నిమిషానికి ఇంజిన్‌లోకి వెళ్లే గాలికి ఒక హద్దు ఉంటుంది, ఎక్కువ ఆర్‌పీఎమ్ (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర శక్తి అక్కడే నిలిచిపోతుంది. తక్కువ ఆర్‌పీఎమ్ దగ్గర ఇంజిన్‌కు కావలసిన గాలి ఆ హద్దుకు ఎంతో దిగువన ఉంటుంది గనుక, టర్బో పీడనం పెంచి టార్క్‌ను చాలా ఎక్కువగా తెచ్చుకోవచ్చు. గ్రూప్ ఎన్ కార్లు 32 మిల్లీమీటర్ల రిస్ట్రిక్టర్‌తో 300 హార్స్‌పవర్‌కు లోపే ఉంటూ 500 న్యూటన్ మీటర్ల టార్క్ దాటడానికి, ఎన్నో గేర్‌బాక్స్‌లు అర్ధాయుష్షుతో పోవడానికి కారణం ఇదే. ఆర్5 నిబంధనల్లో రిస్ట్రిక్టర్‌తో పాటు టర్బో పీడనానికి కూడా 2.5 బార్ పరిమితి పెట్టడం అందుకే తెలివైన పని అంటాను. ప్రైవేట్ పోటీదారుల కోసం ఆ పీడనాన్ని ఇంకా తగ్గించి, అదే గేర్‌బాక్స్‌ను ఉంచితే దాని ఆయుష్షు పెరుగుతుంది. కారు కొంత నెమ్మదిస్తుంది, నిజమే. కానీ తరగతిలో అందరూ అంతే నెమ్మదించినప్పుడు పోటీకి వచ్చే నష్టమేమీ లేదు.

సర్వీస్‌పార్క్:

ప్రైవేట్ బృందాల కార్లకు పనిచేసే మెకానిక్‌గా రెండు మాటలు చెబుతాను. మొదటిది పాత కార్ల గురించి. తొలి తరం ఆర్5 కారు కొత్త ర్యాలీ3 కన్నా చౌకగా దొరకవచ్చు, దాన్ని చూసి చాలామంది ఆశపడతారు. కారు పాతదైనా దాని డ్రైవ్‌షాఫ్ట్, డాంపర్, టర్బో కొత్త ధరకే కొనాలి. పైగా తయారీదారు కొత్త మోడల్ తెచ్చిన కొన్నేళ్లకు పాతదాని భాగాలు దొరకడం కష్టమవుతుంది. అందుచేత కొనేముందు కారు పరిస్థితి కన్నా, గేర్‌బాక్స్, డిఫరెన్షియళ్లు చివరిసారి విప్పి కట్టాక ఎన్ని కిలోమీటర్లు నడిచాయో రాతపూర్వకంగా అడగండి. ఆ కాగితం లేని కారు ఎంత చౌకగా వచ్చినా తీసుకోవద్దనే చెబుతాను.

రెండోది మీరు అడిగిన కిట్ గురించి. ఫ్రాన్స్‌కు చెందిన ఒరెకా సంస్థ చేసిన ఆర్4 కిట్, తర్వాత ర్యాలీ2 కిట్ అన్న పేరు పొందినది, ఈ ఆలోచనకు రూపమే. 1.6 లీటర్ల టర్బో ఇంజిన్, ట్రాన్స్‌మిషన్, సస్పెన్షన్ ఒకే చోటునుంచి వస్తాయి, వాటిని అనేక మామూలు కార్ల బాడీలలో బిగించుకోవచ్చు. భాగాలు అందరికీ ఒకటే కావడం వల్ల, సర్వీస్ పార్కులో పక్క బృందం దగ్గర అరువు తెచ్చుకుని కూడా ర్యాలీ పూర్తి చేయవచ్చు. అయితే బాడీని కోసి, వెనుక డిఫరెన్షియల్‌కు చోటు చేసి, రోల్ కేజ్ వెల్డింగ్ చేయడానికి పట్టే పనిగంటలు చాలా ఎక్కువ. నైపుణ్యమున్న వర్క్‌షాప్ సొంతంగా ఉన్నవారికే ఇది లాభం. మీలా చిన్న బృందంతో పోటీ చేసేవారికి సిద్ధంగా వచ్చే ర్యాలీ3 కారే మేలనిపిస్తుంది, అది కూడా సొంతంగా కొనకుండా మరొకరితో కలిసి కొని ర్యాలీలు పంచుకుంటే.

పేస్‌నోట్:

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇంతకాలం రిస్ట్రిక్టర్ చిన్నదైతే గేర్‌బాక్స్ భద్రంగా ఉంటుందనుకునేవాణ్ణి, టార్క్‌కర్వ్ గారి వివరణతో విషయం తేటపడింది. ఒక్క సందేహం మిగిలింది. పీడనాన్ని తగ్గించమని నిబంధన పెట్టినా, ఇంజిన్ కంప్యూటర్‌లో మార్పులు చేసి దాన్ని దాటేవారిని నిర్వాహకులు ఎలా పట్టుకుంటారు? చిన్న ర్యాలీలలో పరిశీలకులకు అంత పరికర సామగ్రి ఉండదు కదా.

టార్క్‌కర్వ్:

కంప్యూటర్‌ను నమ్ముకోనక్కర లేదండీ. ఇన్‌టేక్ మానిఫోల్డ్ మీద నిర్ణీత పీడనానికి తెరుచుకునే పాప్-ఆఫ్ వాల్వ్ బిగిస్తారు, హద్దు దాటిన గాలి అందులోంచి బయటకు పోతుంది. వాల్వ్‌లను నిర్వాహకులే పరీక్షించి, సీల్ వేసి, ర్యాలీ ముందు ఎవరికి ఏది వెళ్లాలో చీటీ తీసి ఇస్తే, చివర్లో పరిశీలకుడు సీలును, వాల్వ్ సంఖ్యను చూస్తే సరిపోతుంది. దీనికి ల్యాప్‌టాప్ కూడా అక్కర్లేదు. మీ క్లబ్‌లో సాంకేతిక నిబంధనలు రాసేవారి ముందు ఈ ప్రతిపాదన పెట్టేటప్పుడు, సీజన్ మధ్యలో పీడనం విలువ మార్చకూడదన్న షరతును కూడా అందులో చేర్చమని అడగండి. గేర్ నిష్పత్తులు, టర్బో అమరిక ఆ విలువను బట్టే ఎంచుకుంటారు కాబట్టి, అది మధ్యలో మారితే అందరూ మళ్లీ డబ్బు ఖర్చు పెట్టాల్సి వస్తుంది.