కొత్త కాలనీలో ఇల్లు తీసుకుని పాత ఇంట్లోనే ఉంటే మళ్లీ వరద సాయం ఇవ్వాలా?

తుంగభద్ర రైతు: 2009 అక్టోబరు మొదట్లో వచ్చిన వరద అందరికీ గుర్తే. 19 లక్షల క్యూసెక్కులకు కట్టిన శ్రీశైలానికి 25 లక్షల దాకా వచ్చి పడ్డాయి. కర్నూలు మునిగింది, మంత్రాలయం మునిగింది, నది ఒడ్డున మా ఊళ్లూ పోయాయి. తర్వాత మిట్ట మీద కాలనీలు కట్టి ఇళ్లిచ్చారు. మా కాలనీలో చాలా ఇళ్లకు ఇప్పటికీ తాళాలే. జనం పాత ఊళ్లోనే ఉన్నారు. రేపు మళ్లీ నది పొంగితే వీళ్లకు సాయం ఎందుకివ్వాలి? సునామీ తర్వాత తమిళనాడులో, తీరానికి 200 మీటర్ల లోపల ఉన్నవాళ్లు కొత్త ఇల్లు కావాలంటే పాతది వదులుకోవాలన్నారు. ఇక్కడా అలాగే చేయాలి.

మగ్గం ఇల్లు: అన్నా, తాళం ఎందుకు పడిందో కూడా చెప్పు. మాది గద్వాల చీరలు నేసే ఇల్లు. గుంట మగ్గానికి కాళ్లు పెట్టుకునే గుంట కావాలి. మాకిచ్చింది ఒక గది, ఓ వంటిల్లు. నాన్న బండలు లేపి తవ్వితే అడుగు లోపలే రాయి తగిలింది. పడుగుకు, అంటే మగ్గం మీద నిలువుగా సాగే నూలుకు, గంజి పెట్టి ఆరబెట్టాలంటే పొడవాటి వీధి కావాలి, అదీ లేదు. అక్కడ పడుకోవచ్చు, నేయలేం.

తుంగభద్ర రైతు: పక్కన రేకుల షెడ్డు వేసుకోవచ్చు కదా తమ్ముడూ.

మగ్గం ఇల్లు: ఎండాకాలం రేకుల కింద నూలు పొడిబారి పటపటా తెగుతుంది. నేలలో కాస్త తేమ ఉంటేనే పని సాగుతుంది.

తుంగభద్ర రైతు: తెల్లవారుజామున నేయండి. మేము పొలానికి ఆ వేళకే పోతాం.

పాలమూరు టీచర్: షెడ్డు దగ్గరే ఆగిపోయారు. కాలనీకి బస్సు లేదు, బడి దూరం. దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

అవనిగడ్డ: 1977 ఉప్పెన తర్వాత దివిసీమలో చాలా ఊళ్లు ఉన్నచోటే పక్కా ఇళ్లతో లేచాయి. తుఫాను షెల్టర్లు కట్టారు. పొలం పక్కనే ఉంది కాబట్టి జనం నిలబడ్డారు.

తుంగభద్ర రైతు: సముద్రం ఉప్పెన వేరు, నది వేరు. షెడ్డు కుదరదని ఒక్కరైనా వేసి చూశారా? అది చెప్పండి ముందు.

ఉమర్గా ఇంజనీర్: 1993 సెప్టెంబరు 30న లాతూరు భూకంపం వచ్చాక 52 ఊళ్లను పూర్తిగా మార్చారు. ఎంత పొలముంటే అంత ఇల్లు: భూమి లేనివాళ్లకు 250 చదరపు అడుగులు, పెద్ద రైతుకు 750. చేతిపనివాడి చోటు ఆ లెక్కలోకే రాలేదు. ఇక్కడా అదే జరిగింది. పనికి సరిపడా కట్టకుండా పాత స్థలం లాక్కోవడం అన్యాయం.

మగ్గం ఇల్లు: ఇంకో మాట. ఆ వరదలో కొట్టుకుపోయిన జరీ, పట్టు మాది కాదు, మాకు సరుకిచ్చి కూలికి నేయించుకునే మాస్టర్ వీవర్‌ది. ఇంటికి డబ్బులొచ్చాయి, ఆ అప్పు మాత్రం మా మీదే ఉండిపోయింది. నాన్న ఏళ్ల తరబడి కూలిలో కోయించుకుంటూ తీర్చాడు. అలాంటోళ్లను పట్టుకుని సాయం ఆపమంటావా? మీ రైతులకు పొలం మీద ఇసుక మేట వేస్తే తీసేసి మళ్లీ వేసుకుంటారు. మా బాధ మీకేం తెలుసు?

తుంగభద్ర రైతు: తెలుసు కాబట్టే అడుగుతున్నా. ఆ కాలనీ ఉన్నది మా మూడెకరాల్లో. మా నాన్నను ఎవరూ బలవంతం చేయలేదు. వరదలో ఊరంతా మా మిట్ట చేను మీదే రాత్రంతా నిలబడింది. ఊరు బతకాలని తక్కువ ధరకే సంతకం పెట్టాడు. మిగిలింది ఒడ్డు పొలం, ఏటా మునుగుతుంది. వేరుశనగ పండే చేలో ఇప్పుడు కంపచెట్లు, తాళాలు. నేను రోజూ ఆ దారినే పోవాలి.

పాలమూరు టీచర్: మొదటే ఈ మాట చెప్పాల్సింది అన్నా.

మగ్గం ఇల్లు: ఆ రాత్రి మా అమ్మ కూడా మీ చేలోనే ఉంది. మీ నాన్న మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆయన ఇచ్చాడని మేం పని వదిలేసి వెళ్లలేం. కాలనీలో ఖాళీగా ఉన్న స్థలంలో మందపాటి గోడలతో, పైన పెంకులతో ఉమ్మడి మగ్గాల షెడ్డు కట్టమని కలెక్టరేట్‌లో అర్జీ పెడదాం. మొదటి సంతకం నాది.

తుంగభద్ర రైతు: రెండోది నాది. షెడ్డు కట్టాక పాత పట్టా వాపసు ఇస్తారా?

మగ్గం ఇల్లు: షెడ్డులో ఒక ఎండాకాలం నేసి చూశాకే ఆ మాట.

తుంగభద్ర రైతు: అర్జీలో ఆ గడువు కూడా రాస్తేనే నేను సంతకం పెడతా.