డిగ్రీ కెమిస్ట్రీ అయిపోయింది, పీజీలో ఏ బ్రాంచ్? వైజాగ్‌లో చదివినవాళ్లు చెప్పండి

చోడవరం అమ్మాయి
నమస్కారం అందరికీ. పీజీ ప్రవేశ పరీక్ష పీజీసెట్‌లో కెమికల్ సైన్సెస్ రాశాను, ర్యాంకు పర్వాలేదు. ఆంధ్రా యూనివర్సిటీ క్యాంపస్‌లోనే చేరాలని ఉంది. వెబ్ ఆప్షన్లలో ఆర్గానిక్ (కర్బన పదార్థాల కెమిస్ట్రీ) ముందు పెట్టాలా, అనలిటికల్ (పదార్థాల్లో ఏముందో, ఎంతుందో పరీక్షించేది) ముందు పెట్టాలా అని ఇంట్లో రోజూ పంచాయితీ. పరవాడ ఫార్మా సిటీలో చేసే మా మావయ్యేమో ‘ఆర్గానిక్ తప్ప మిగతావన్నీ దండగ’ అంటాడు. నాకు అసలు పీజీ తట్టుకోగలనా అనే టెన్షన్. డిగ్రీ అంతా ఇంపార్టెంట్ ప్రశ్నలతో గట్టెక్కినదాన్ని.

పరవాడ షిఫ్ట్
మీ మావయ్య మాట సగం నిజం చెల్లీ. ఆర్ అండ్ డీకి, అంటే పరిశోధన విభాగానికి, ఎక్కువగా ఆర్గానిక్ వాళ్లే కావాలి. మందుల నాణ్యత పరీక్షించే క్యూసీలో మాత్రం రెండు బ్రాంచ్‌ల వాళ్లనీ తీసుకుంటారు. తలుపులు ఎక్కువ కాబట్టి ఆర్గానిక్‌కి గిరాకీ, అంతే. క్యూసీ అంటే హెచ్‌పీఎల్‌సీ దగ్గరే కాపురం, శాంపిల్‌లో ఏది ఎంతుందో విడదీసి చూపే మిషన్ అది. మొబైల్ ఫేజ్ (మిషన్‌లో పారే ద్రావణం) కలిపి వడకట్టు, గ్రాఫ్‌లో పీకులు చూడు, ప్రతి అంకే లాగ్‌బుక్‌లో ఎక్కించు. తప్పు పడితే వైట్‌నర్ పూయకూడదు, ఒక్క గీత కొట్టి పక్కన సంతకం, తేదీ వేయాలి. నైట్ షిఫ్టులుంటాయి. ఓపిగ్గా రాసుకునే స్వభావమైతే అనలిటికల్‌లో హాయిగా ఉంటావు.

మద్దిలపాలెం సీనియర్
బ్రాంచ్ సంగతి తర్వాత, ముందు ఆ ‘గట్టెక్కడం’ గురించి మాట్లాడాలి. డిగ్రీలో రియాక్షన్ పేరు, సమీకరణం, రెండు ఉపయోగాలు రాస్తే మార్కులు పడతాయి. ఇక్కడ రియాక్షన్‌లో ఎలక్ట్రాన్ల కదలిక చూపే బాణం గుర్తు ఇటు నుంచి అటే ఎందుకు వెళ్లిందని అడుగుతారు. ఎన్‌ఎంఆర్ స్పెక్ట్రమ్ (అణువు నిర్మాణం తెలిపే గ్రాఫ్) చేతికిచ్చి, పదార్థం ఏమిటో నువ్వే చెప్పమంటారు. దానికి గైడ్ పుస్తకం ఉండదు. మొదటి సెమిస్టర్‌లో క్లాసంతా బిక్కమొహాలే, కాబట్టి నువ్వొక్కదానివే అనుకోకు.

ల్యాబ్ కూడా అంతే. సాల్ట్ అనాలిసిస్‌లో టేబుల్ బట్టీ కొడితే నడిచిపోతుంది, కొత్త పదార్థం తయారుచేసే సింథసిస్‌లో నడవదు. ఉదాహరణకి, రియాక్షన్ ఎంతవరకు వచ్చిందో చూసే టీఎల్‌సీ ప్లేటు. అడుగున గీత పెన్సిల్‌తోనే గీయాలి, పెన్నుతో గీస్తే ఇంకు కూడా సాల్వెంట్‌తో (కరిగించే ద్రవంతో) పైకి పాకుతుంది. కేపిలరీతో, అంటే సన్నటి గాజు గొట్టంతో, పదార్థం చుక్క సన్నగా పెట్టాలి. ప్లేటు నిలబెట్టినప్పుడు చుక్క సాల్వెంట్‌లో మునిగితే మెటీరియల్ కిందే కరిగిపోతుంది. ప్లేటు ఆరాక అయోడిన్ సీసాలో పెడితే గోధుమరంగు మచ్చలు తేలతాయి. మొదలుపెట్టిన పదార్థం మచ్చ ఇంకా కనిపిస్తుంటే రియాక్షన్ పూర్తి అవలేదన్నమాట. అప్పుడు ఏం చేయాలో రికార్డులో ఉండదు, నువ్వే ఆలోచించుకోవాలి. పీజీ అంటే నా లెక్కలో అదే.

పరవాడ షిఫ్ట్
ఇంటర్వ్యూల్లో అడిగేదీ అదే. ‘నీ ప్రాజెక్టులో ఆ సాల్వెంటే ఎందుకు వాడావు’ అని అడిగితే సగం మంది నోరు పెగలదు. ‘మా గైడ్ గారు చెప్పారండి’ అంటారు.

గాజువాక నాన్న
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా అబ్బాయిదీ ఇదే పరిస్థితి. ప్రైవేట్ కాలేజీలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా?

మద్దిలపాలెం సీనియర్
2020 చివర్లో వచ్చిన జీవో 77తో ప్రైవేట్ కాలేజీల పీజీ వాళ్లకి ఆపేశారండి. ఈ ఏడాది ఎలా ఉందో నోటి మాట నమ్మకుండా, సీటు ఖాయం చేసుకునే ముందే కాలేజీలో కాగితం మీద అడగండి. క్యాంపస్‌లో కూడా రెగ్యులర్ సీటు, సెల్ఫ్ సపోర్ట్ సీటు అని ఉంటాయి. క్లాసు ఒకటే, ఫీజు వేరు. ఆప్షన్ పెట్టేటప్పుడు ఆ కోడ్ చూసుకోవాలి.

శ్రీకాకుళం బండి
సర్టిఫికెట్ల సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? మా డిగ్రీ కాలేజీ వాళ్లు ‘బాకీ ఉంది’ అని టీసీ ఇవ్వకుండా తిప్పారు. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ ముక్క అర్జీలో రాసి ప్రిన్సిపాల్ గారికిచ్చి, రసీదు తీసుకున్నాక కదిలింది. నాలాగా శ్రీకాకుళం అంబేద్కర్ యూనివర్సిటీ నుంచి వచ్చేవాళ్లు మైగ్రేషన్ సర్టిఫికెట్‌కి (వేరే యూనివర్సిటీలో చేరడానికి కావాల్సింది) కూడా ముందే అప్లై చేసుకోండి. కులం, ఆదాయం, స్టడీ సర్టిఫికెట్లు జిరాక్స్‌లతో సహా ఒకే ఫైల్‌లో ఉంటే మనశ్శాంతి.

రీసెర్చ్ రూమ్
ఒక మాట. రీసెర్చ్ మీద ఏమాత్రం మనసున్నా సీఎస్ఐఆర్ నెట్ (రీసెర్చ్ ఫెలోషిప్‌కి రాసే జాతీయ పరీక్ష) సిలబస్ మొదటి ఏడాదే ప్రింట్ తీసి గోడకి అతికించుకోండి. పీజీ చివరి ఏడాదిలోనే రాయొచ్చు. జేఆర్ఎఫ్ (ఆ ఫెలోషిప్) వస్తే నెలకి 37,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. ఇంట్లో ‘ఇంకా చదువేనా’ అనే ప్రశ్న దెబ్బకి ఆగుతుంది! చదువుకోవడానికి వి.ఎస్. కృష్ణా లైబ్రరీ ఉండనే ఉంది.

చోడవరం అమ్మాయి
చాలా థాంక్స్ అన్నయ్యలూ. ఆర్గానిక్ రెగ్యులర్ ముందు, అనలిటికల్ రెగ్యులర్ తర్వాత, సెల్ఫ్ సపోర్ట్ చివర్లో పెడుతున్నా. మావయ్యకి ఈ చర్చ చూపించాను, క్యూసీ మాట దగ్గర నవ్వి ఊరుకున్నాడు. ల్యాబ్ కోటు డిగ్రీది పొట్టి చేతులది, సరిపోతుందా?

మద్దిలపాలెం సీనియర్
సరిపోదమ్మా. పొడుగు చేతులది కుట్టించుకో, కాటన్‌దే. నైలాన్ కలిసిన గుడ్డ అయితే మంట తగిలినప్పుడు కరిగి ఒంటికి అంటుకుంటుంది. చున్నీ కోటు లోపలికి దోపుకో, జడ కూడా.