మాస్టర్ పాస్‌వర్డ్ ఎక్కడ దాచాలి?

ప్రశ్న (ఎస్సార్ నగర్ నుంచి):
నేనూ మా రూమ్మేటూ అమీర్‌పేటలో పైథాన్ నేర్చుకుంటున్నాం. ప్రాజెక్టుగా పాస్‌వర్డ్ మేనేజర్ (పాస్‌వర్డులన్నీ ఒకేచోట భద్రంగా ఉంచే ప్రోగ్రామ్) మొదలుపెట్టాం. మా నాన్న బ్యాంకు, గ్యాస్, కరెంటు బిల్లు పాస్‌వర్డులన్నీ క్యాలెండర్ వెనక రాసిపెడతారు, ఆయన కోసమే ఈ ఆలోచన. ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో టేబుల్ రెడీ. కానీ ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతితో హ్యాష్ చేస్తే (గుర్తుపట్టలేని కోడ్‌గా మారిస్తే) పాస్‌వర్డ్ మళ్లీ చూపించలేకపోతున్నాం. బేస్64 (డేటాను మామూలు అక్షరాలుగా మార్చే పద్ధతి) వాడమని క్లాసులో ఒకరన్నారు. మిగతావన్నీ తెరిచే ఆ ఒక్క మాస్టర్ పాస్‌వర్డ్ ఎక్కడ దాచాలి? వచ్చే వారమే డెమో, టెన్షన్‌గా ఉంది.

జవాబు (కూకట్‌పల్లి):
చెల్లెమ్మా, హ్యాష్ చేసింది వెనక్కి రాదు, రాకూడదు కూడా. బేస్64ను ఎవరైనా క్షణంలో విప్పేస్తారు, అది రక్షణే కాదు. మీకు కావాల్సింది ఎన్‌క్రిప్షన్, అంటే కీ ఉంటేనే మళ్లీ తెరుచుకునేలా డేటాకి తాళం వేయడం.

మాస్టర్ పాస్‌వర్డ్‌ను అసలు ఎక్కడా దాచొద్దు. టైప్ చేసిన ప్రతిసారీ దాన్నుంచే కీ తయారుచేయండి. అందుకు ఆర్గాన్2 అనే హ్యాషింగ్ పద్ధతిలో ఆర్గాన్2ఐడీ రకం వాడండి. 2015లో పాస్‌వర్డ్ హ్యాషింగ్ పోటీ గెలిచింది ఆర్గాన్2యే. అది కావాలనే నెమ్మదిగా, మెమరీ బాగా తింటూ పనిచేస్తుంది. మీకు అర సెకను పట్టినా ఇబ్బంది లేదు, కోట్ల పాస్‌వర్డులు ప్రయత్నించే దొంగకి మాత్రం చుక్కలు కనిపిస్తాయి. సాల్ట్ (పాస్‌వర్డ్‌కి కలిపే రాండమ్ డేటా) 16 బైట్లు చాలు. అది రహస్యం కాదు, డేటాబేస్‌లోనే ఉంచండి.

వచ్చిన 32 బైట్ల కీని పైథాన్ క్రిప్టోగ్రఫీ లైబ్రరీలో ఎన్‌క్రిప్షన్ చేసిపెట్టే ఫెర్నెట్‌కి ఇవ్వండి. ఫెర్నెట్ కీని యూఆర్‌ఎల్-సేఫ్ బేస్64 రూపంలో అడుగుతుంది, బేస్64తో పని అక్కడే. మొదటిసారే ఒక చిన్న మాటను ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టుకోండి. అది తెరుచుకుంటే మాస్టర్ సరైనదే, లేకపోతే ఇన్‌వ్యాలిడ్ టోకెన్ అని ఎర్రర్ వస్తుంది. ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి కోడ్ మాత్రం మీరే రాయొద్దు, దయచేసి.

నాన్నగారి అసలు పాస్‌వర్డులు ఇందులో పెట్టకండి. ఆయనకి రెడీమేడ్ పాస్‌వర్డ్ మేనేజర్లయిన కీపాస్ గానీ బిట్‌వార్డెన్ గానీ వేసివ్వండి. రెండిటి కోడూ బయటే ఉంది, చదివితే మీకూ చాలా తెలుస్తుంది.

జవాబు (దిల్‌సుఖ్‌నగర్):
కొత్త పాస్‌వర్డులు పుట్టించడానికి రాండమ్ మాడ్యూల్ వద్దు, తర్వాత వచ్చేవి ఊహించే వీలుంది. సీక్రెట్స్ మాడ్యూల్ వాడండి, పైథాన్ 3.6 నుంచీ ఉంది. గిట్‌హబ్‌కి పంపే ముందు డేటాబేస్ ఫైల్‌ని గిట్‌ఇగ్నోర్‌లో (పంపకూడని ఫైళ్ల జాబితాలో) పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అన్నా. మాస్టర్ మర్చిపోతే రీసెట్ ఎలా మరి?

జవాబు (కూకట్‌పల్లి):
రీసెట్ ఉండదమ్మా, డేటా పోయినట్టే. మొదటి స్క్రీన్ మీదే ఆ విషయం పెద్ద అక్షరాల్లో రాయండి. డెమోలో కచ్చితంగా అడుగుతారు.